నూనె పోయని ప్రసూనాంబ

చెవి బాగాలేదని ప్రసూనాంబ ఇంటికి వెళ్ళినవాళ్ళలో సగం మంది ఆమెను తిట్టుకుంటూ బయటికి వస్తారు. నేనూ అలాగే వచ్చాను. నాకంటే గట్టిగా తిట్టినవాడు మా నగరిలో ఇంకొకడు ఉండడని పందెం కాస్తాను.

ఆమె తిరుపతిలో ఒక ఆయుర్వేద వైద్యుడి దగ్గర ఇరవై ఆరేళ్ళు పనిచేసింది. ఆయన పోయాక పుట్టినూరు నగరికి వచ్చేసి, ముందు గదిలో చెక్క బల్ల ఒకటి వేసుకుంది. ఆమె చేసేది ఒకటే పని, కర్ణపూరణం. గోరువెచ్చని నూనెను చెవి నిండా పోసి, కాసేపు నిలిపి, తీసేస్తుంది. ఎవరికి పడితే వాళ్ళకు పోయదు, అదే ఆమెతో వచ్చిన చిక్కు.

నేను ముప్పై ఏళ్ళుగా మరమగ్గం మీద లుంగీలు నేస్తున్నాను. షెడ్డులో పన్నెండు మగ్గాలు ఒక్కసారి ఆడుతుంటే పక్కవాడు అరిచినా వినపడదు. సైగలతో మాట్లాడుకుంటాం, పెదాలు చూసి మాట పట్టుకుంటాం. అందుకే మాలో ఎవడికైనా చెవుడొస్తే చాలా ఏళ్ళు వాడికే తెలియదు. అలాగని చెవి లేకుండా నేత సాగదు. పడుగులో, అంటే నిలువు దారాల్లో, పోగు తెగి పక్కవాటికి చుట్టుకుంటే మగ్గం చప్పుడు మారుతుంది. కంటికి కనపడేలోపే చెవికి తెలిసిపోతుంది. ఆ మార్పు నాకు తెలియడం మానేసింది. వరసగా మూడు లుంగీలు పాడయ్యాయి.

"ఉగాది దాకా సూస్తా గుణా. ఆపైన కండెల గదికి పో" అన్నాడు మా యజమాని జయరామ్. నూలు కండెలకు చుట్టే ఆ గదిలో ఒంట్లో ఓపిక అయిపోయినవాళ్ళు కూర్చుంటారు. నాకింకా యాభై నాలుగే. అక్కడికి వెళ్ళడమంటే గుణశేఖర్ ఇక నేతగాడు కాదని ఊరంతా చాటించుకోవడమే.

అందుకే ప్రసూనాంబ దగ్గరికి పరిగెత్తాను. ఆమె నా చెవులు అటూ ఇటూ లాగి చూసింది.

"డాక్టరు సూసినాడా?"

"నువ్వు సూస్తావనే కదక్కా వచ్చినాను."

"నాకు పైపైనే కనపడతాది. లోపల పొర బాగుండాదో లేదో ఆయన సూడాల. చీటీ తీసుకోని రా, పోస్తా."

"చెవిలో నూనెకు చీటీ ఏందక్కా, రేషన్ బియ్యమా?"

"చిల్లుపడిన చెవిలో పోస్తే చీము పడతాది. మగ్గం కాడ చెవుల్లో ఏం పెట్టుకుంటావు?"

"అందరూ పెట్టుకునేదే. తెగిన నూలు నూనెలో తడిపి, ఉండ చేసి కూరుకుంటాం."

"పో, ముందు పోయి సూపించుకో" అని బల్ల మీదనుంచి లేపేసింది.

నాకు ఒళ్ళు మండిపోయింది. ఈమె పోయకపోతే మా ఇంట్లో నూనె లేదా అనుకున్నాను. మా ఆవిడ రేవతి వెల్లుల్లి వేసి నువ్వుల నూనె కాచింది. బాగా మొద్దుబారింది కుడి చెవి కాబట్టి అది పైకి పెట్టి చాప మీద పడుకున్నాను. రేవతి గరిటె వంచబోతుండగా ప్రసూనాంబ ఆయాసపడుతూ లోపలికి వచ్చి ఆ చెయ్యి పట్టుకుంది.

"కోపంగా పోయినోళ్ళు ఇంట్లో చేసేది ఇదేనని నాకు తెలుసు" అంటూ చాప మీదే కూలబడింది. గరిటె కింద పెట్టించి, తన సంగతి చెప్పింది. తిరుపతిలో పనికి చేరిన కొత్తలో, వైద్యుడు లేని పూట ఒక తల్లి బతిమాలితే ఆమె బిడ్డకు నూనె పోసిందట. లోపల చిల్లు ఉందని ఎవరికీ తెలియదు. ఆ పిల్ల ఏడాది పాటు చీముతో బాధపడింది. చెప్తూ ప్రసూనాంబ కొంగుతో ముఖం తుడుచుకుంది. నాకు సిగ్గేసింది.

మర్నాడు నన్ను తిరుపతి బస్సు ఆమే ఎక్కించి, తనూ ఎక్కింది. అక్కడి చెవి డాక్టరు నా ఎడమ చెవిలోంచి పట్టకారుతో ఒక నూలు ఉండ లాగాడు, గుబిలితో గట్టిపడిపోయి ఉంది, దాని కింద పుండు పడింది. ఆకుపచ్చ నూలు. ఆ రంగు మా షెడ్డులో నేసి రెండేళ్ళు దాటింది! అది తీయగానే గోడ గడియారం చప్పుడు వినపడింది. కుడి చెవిలో మాత్రం పొరకు చిల్లు ఉంది. రేవతి గరిటె వంచబోయింది ఆ చెవిలోకే.

"మగ్గం తినేసిన వినికిడిని ఏ నూనే తిరిగి తేలేదు. ఉండేదాన్నైనా కాపాడుకో" అంది ప్రసూనాంబ, దాపరికం లేకుండా. చెవులను మొత్తం మూసే డిప్పలు నాచేత కొనిపించింది. ఎడమ చెవి పుండు మానాక డాక్టరు ఆ చెవికి మాత్రం చీటీ రాసిచ్చాడు. అప్పుడు నన్ను బల్ల మీద పడుకోబెట్టింది. వేడినీళ్ళలో గిన్నె పెట్టి నూనె వెచ్చచేసి, మణికట్టు మీద ఒక చుక్క వేసుకుని చూసుకుంది. చెవి చుట్టూ మర్దన చేసి, తడిగుడ్డతో కాపడం పెట్టి, సన్నధారగా పోసింది. ఎప్పటినుంచో వేధిస్తున్న దురద చల్లబడింది, నాకు నిద్ర ముంచుకొచ్చింది.

ఉగాదికి ముందురోజు జయరామ్ నా నేత చూడడానికి వెనకే నిలబడ్డాడు. తలకు డిప్పలు తగిలించుకున్న నన్ను చూసి షెడ్డంతా నవ్వింది. చెవిటోడు చెవులు కూడా మూసుకున్నాడని ఎవడో సైగ చేశాడు. నేను మగ్గం ఆడించాను. డిప్పల చాటునుంచి మిగతా మగ్గాల హోరు దూరమై, నా మగ్గం దెబ్బ ఒక్కటే అందుతోంది. మధ్యాహ్నం దాటాక ఆ దెబ్బ కొంచెం బరువెక్కింది. ఠక్కున ఆపేశాను.

ఎందుకాపావని జయరామ్ చేతులు తిప్పాడు. పడుగు మీద వేలు నడిపి, తెగిన పోగు తీసి చూపించాను. బట్టకు మచ్చ పడలేదు. అతను నా భుజం తట్టి, నేయమని సైగ చేసి వెళ్ళిపోయాడు. నేను పోగు ముడి వేసి మళ్ళీ మగ్గం ఆడించాను.

సాయంత్రం పూలు, పండ్లు పట్టుకుని ప్రసూనాంబ దగ్గరికి వెళ్ళాను. నా మగ్గం నాకే మిగిలిందని చెప్పి, ఆ రోజు రేవతి చెయ్యి పట్టుకున్నందుకు దణ్ణం పెట్టాను. ఆమె పూలు అందుకుని బల్ల మీద పెట్టింది.

"నూనె పోసినందుకు దణ్ణం పెట్టినోళ్ళు శానామంది ఉండారు" అంది. "పొయ్యనీకుండా ఆపినందుకు వచ్చినోడివి నువ్వొక్కడివే నాయనా."