లాఠీఛార్జి రిహార్సలు

ఆ రోజుల్లో లాఠీ చేతిలో ఉంటే ధైర్యం దానంతటదే వచ్చేస్తుందనుకునేవాణ్ణి. మాది కోనరావుపేట వైపు, కల్లు గీసే ఇల్లు. నాకేమో ఎత్తంటే చచ్చేంత భయం (స్టూలెక్కి బల్బు మార్చమన్నా కళ్లు తిరుగుతాయి). "తాళ్లెక్కకుంటె ఏం జేసి బతుకుతవ్‌రా?" అని మా బాపు రోజూ తిడుతుంటే, దేన్నీ ఎక్కాల్సిన పనిలేని కొలువు వెతుక్కుని పోలీసునయ్యాను. కోరుట్ల దిక్కున ఓ చిన్న స్టేషన్‌లో చేరి మూడు నెలలైనా కాలేదు. ఇంకా ప్రొబేషనే. ఏ చిన్న మచ్చ పడ్డా ఇంటికి పంపిస్తారు, ఇంటికి పోతే బాపు చెట్టెక్కిస్తాడు.

అప్పుడే ఎక్కడో మావాళ్లు జనాన్ని ఇష్టమొచ్చినట్టు బాదిన వీడియో ఒకటి అందరి ఫోన్లలో తిరిగింది. దాంతో పైనుంచి హుకుం వచ్చింది: గుంపును చెదరగొట్టడం అందరూ మళ్లీ నేర్చుకోవాలి, అదీ జనం ముందరే. మూడుసార్లు హెచ్చరించాలి, మోకాలి కిందే కొట్టాలి, రిహార్సల్లోనైతే జానెడు దూరంలో లాఠీ ఆపేయాలి. అంతా బాగానే ఉంది, మరి గుంపేదీ? మా ఎస్సై బీడీ కార్ఖానాకు కబురుపెట్టి, పులిహోర పెడతామని ఆశచూపి పాతికమంది ఆడవాళ్లను పిలిపించాడు. పోనీ అని ఊరుకోకుండా రూల్సన్నీ వాళ్లకు కూడా చదివి వినిపించాడు. అక్కడే మునిగాం.

జగిత్యాల నుంచి పెద్దసారు వచ్చి కుర్చీలో కూర్చున్నాడు. "గుంపు కట్టుండ్రి, సప్పట్లు కొట్టుండ్రి" అన్నాడు ఎస్సై. ఆడవాళ్లు గుంపు కట్టి చప్పట్లు కొట్టడమంటే మా దిక్కున ఒక్కటే పద్ధతి. గుండ్రంగా నిలబడి, వంగుతూ లేస్తూ, నడుమ పువ్వుల్లేని బతుకమ్మ మొదలుపెట్టారు. ఎస్సై మైకులో రెండుసార్లు హెచ్చరించి "ఛార్జ్!" అన్నాడు. ఆట టక్కున ఆగింది. "సారూ, మూడుసార్లన్నవ్ గద! గిప్పటికి రెండే అయినయ్" అంది ముందున్న ముసలమ్మ. ఎవరినైనా నిలబెట్టి అడుగుతుందని కార్ఖానాలో ఆమెకు కలెక్టరవ్వ అని పేరు. పెద్దసారు గొంతు సవరించుకుని తలూపాడు. మళ్లీ మొదటినుంచి.

ఈసారి మూడూ అయ్యాయి. ఇరవై మందిమి ఉరికాం. గుండ్రంగా తిరిగే గుంపును ఎటువైపు చెదరగొట్టాలో మాకెవరూ చెప్పలేదు. సందు దొరుకుతుందేమోనని మేమూ వాళ్ల చుట్టూ తిరిగాం. రెండో చుట్టుకు నా కాళ్లు వాళ్ల అడుగులో పడ్డాయి (అక్కలతో ఆడి పెరిగినవాణ్ణి, ఏం చేయను?). వాళ్లు వంగితే నేనూ వంగాను. జానెడు దూరంలో ఆగాల్సిన లాఠీ కలెక్టరవ్వ పిక్కకు ఫట్టుమని తగిలింది.

"ఓ అవ్వో! ఎవడ్రా కొట్టింది? చెప్తెనే లేస్త" అని ఆమె అక్కడే చతికిలబడింది.

ఎస్సై మా దగ్గరికొచ్చి పెదాలు కదపకుండా, "ఎవ్వడన్న నోరు తెరిస్తె మంచిగుండదు. ముసల్ది జారి పడ్డది, అంతే" అన్నాడు. ఇరవై మందిమీ ఆకాశంలోకి చూశాం. అందరికంటే శ్రద్ధగా చూసింది నేనే.

ఆమె వదిలితేగా! "దొంగల్ని లైన్ల నిలవెట్టి గుర్తువట్టుమంటరు గద సారూ, వీళ్లను గూడ నిలవెట్టు" అని పెద్దసారునే అడిగింది. ఆయనకు నవ్వొచ్చిందో కోపమొచ్చిందో గానీ, నిలబెట్టించాడు. చూడ్డానికి వాడకట్టంతా చేరింది. ఆమె కుంటుతూ ఒక్కొక్కరి ముందుకూ వచ్చి "ఏదీ, కొట్టి సూపెట్టు" అంటే ఒక్కొక్కడూ గాల్లో లాఠీ ఊపాడు. నేను ఈగలు తోలినట్టు ఊపాను. నన్ను దాటిపోయింది. అబ్బ, బతికిపోయాను! నా పక్కన మా లంబు. పాపం ఆ వైపుకే రాలేదు వాడు, కానీ ఆరడుగుల మనిషి, ఊపితే గాలి చప్పుడైంది. "వీడే! నా కాలికి యాదికున్నది" అంది. పోయిన వారమే లంబుకు పెళ్లి కుదిరింది. "నేను గాదవ్వా..." అంటున్నాడు.

తాటిచెట్టు మొదలు నుంచి మట్టల దాకా కళ్లముందు నిలబడింది. అయినా "వాడు గాదవ్వా, నేనే" అనేశాను.

ఎస్సై కళ్లు మూసుకున్నాడు. కలెక్టరవ్వ నన్ను పైనుంచి కిందిదాకా చూసింది. "కొట్టుడు నేర్పిన్రు సరే. గీ ఒప్పుకునుడు ఎవ్వలు నేర్పిన్రు కొడుకా, గా ట్రైనింగులనేనా?"

"లేదవ్వా, గది సిలబస్‌ల లేదు" అన్నాను, చాలా నిజాయితీగా.

పెద్దసారు కుర్చీ కదిలేలా నవ్వాడు. శిక్ష మాత్రం ఆమెనే వేయమన్నాడు. కాలు నొప్పి తగ్గేదాకా కార్ఖానా నుంచి ఆమె ఇంటికి బీడీలు చుట్టే తునికాకు కట్ట నేను మోయాలి, యూనిఫాంలోనే. తొమ్మిది రోజులు మోశాను. ఐదో రోజుకే నొప్పి పోయిందని ఆమె తర్వాత తీరిగ్గా చెప్పింది.

ఇప్పుడు సిరిసిల్లలో హెడ్డుని. కొత్త పిల్లలకు లాఠీ పాఠం నేనే చెబుతున్నాను. ఇన్నేళ్లలో "ఎవరు చేశారు?" అన్న ప్రశ్న ఇంకొన్నిసార్లు నా ముందుకొచ్చింది. కొన్నిసార్లు చెప్పాను, కొన్నిసార్లు నాకెందుకులే అని ఊరుకున్నాను, దాచను. ఆడవాళ్లతో అడుగు కలిపి, కొట్టకూడనప్పుడు కొట్టి, అందరి ముందూ ఒప్పేసుకున్న ఆ కుర్రాణ్ణి తలచుకుంటే నవ్వొస్తుంది. వాడి పక్కన నిలబడమంటే మాత్రం నాకు కాస్త సిగ్గేస్తుంది.