బియాసి చేలో సున్‌జా గారు

రాయపూర్‌లో నర్సుగా చేస్తున్న మా అక్క కూతురు సునీత ఫోను చేసింది. "పిన్నీ, మహిళా రైతుల మీటింగుకి కొరియా నుంచి వరి పండించే ఆవిడొచ్చింది. నువ్వూ వచ్చెయ్." నాకు విజయనగరం దగ్గర ఎకరన్నర వరి ఉంది. ఊడ్పులు అయిపోయాయి కనక ఉదయం ఆరింటికి రాయపూర్ పాసింజరు ఎక్కేశాను. కిటికీ సీటు కావాలంటే అరగంట ముందే స్టేషనుకు వెళ్ళండి.

రాయగడ దాటాక పులిహోర పొట్లం విప్పాను. ఎక్కడికని అడిగితే చెప్పాను. ఎదురు సీటులోని రైల్వే ఆయన "కొరియా ఆవిణ్ణి చూడ్డానికి ఇంత దూరమా అమ్మా?" అని నవ్వాడు. నాకు ఒళ్ళు మండింది. "సినిమా స్టార్ కాదండీ, రైతు" అన్నాను. బండి సాయంత్రం ఏడున్నరకు చేరింది.

సునీత ఇల్లు దేవేంద్ర నగర్‌లో. మర్నాడు అటుకుల పోహా తింటూ సంగతి చెప్పింది. ఆ కొరియా ఆవిడ పేరు సున్‌జా, అరవై రెండేళ్ళు. భర్త పోయాక ఒంటిచేత్తో పొలం చేసి మరిదిని చదివించారు. ఆ మరిది ఇప్పుడు అక్కడ పెద్ద నాయకుడు.

"భాభీ, అదే వదిన, బురదలో ఉంటే ఆయనకి ఇజ్జత్ తక్కువంట పిన్నీ. ఈ పంటతో బంద్ చేసి సిటీకి రమ్మన్నాడు. రేపు ఫోన్ చేస్తాడు, జవాబ్ చెప్పాలి. ఈమెకి ఏమో, ఏం తోచట్లేదు." కొరియా సీరియళ్ళు చూసి చూసి ఆ భాష పట్టేసిన సునీతే ఆవిడకు దుబాసీ.

తొమ్మిదింటికి మీటింగు వాళ్ళ బస్సులో అందరం చేలు చూడ్డానికి బయల్దేరాం. మందిర్ హసౌద్ దాటిన అరగంటకు పొలాలు వచ్చాయి. సున్‌జా గారు నా పక్క సీటులోనే కూర్చున్నారు. ఆవిడ గోళ్ళ చుట్టూ నాకున్నట్టే మన్ను రంగు.

దిగేసరికి ఒక చేలో, మూరెడు ఎదిగిన పచ్చటి వరి మీదే ఒకాయన నాగలి తోలుతున్నాడు. అంతే! ఆవిడ చెప్పులు వదిలేసి, కేకలు పెడుతూ చేలోకి దూకి ఎడ్లకు అడ్డంగా నిలబడ్డారు. నిజం చెప్పొద్దూ, పచ్చటి పంట పాడుచేస్తున్నాడనే నేనూ అనుకున్నాను.

చేను గల సుఖియాబాయి పొట్ట పట్టుకుని నవ్వింది. "ఏ బియాసీ ఆయ్ దీదీ! ధాన్ నఇ మరయ్." వరి చావదులే అని. వెదజల్లిన వరి ఎదిగాక, నీళ్ళు నిలిచినప్పుడు చేనును దున్నడమే బియాసి. కలుపు చస్తుంది, వేళ్ళు వదులవుతాయి, లేచిపోయిన మొక్కల్ని ఖాళీల్లో నాటుతారు. సునీత ఇదంతా చెప్పేసరికి సున్‌జా గారు సిగ్గుపడిపోయి నాగలాయనకీ, ఎడ్లకీ కూడా వంగి దండం పెట్టారు. తర్వాత ఎవరూ పిలవకుండానే మొక్కలు గుప్పిట పట్టి నాటడం మొదలుపెట్టారు. నేనూ చీర దోపుకుని దిగాను.

"నేతాజీ ఘర్ కీ హైఁ, కుర్సీ లావ్!" అంటూ, నాయకుడి ఇంటి మనిషి కదా అని, మీటింగు వాళ్ళు గట్టు మీద కుర్చీ వేశారు. మధ్యాహ్నం దాకా అది ఖాళీగానే ఉంది. "ఏ హ తో డోరీ ధర్ కే లగావత్ హే" అని సుఖియా ఆటపట్టించింది, తాడు పట్టినట్టు వరస తప్పకుండా నాటుతోందట. సున్‌జా గారు అప్పుడు మొదటిసారి నవ్వారు.

మర్నాడు ఉదయం నా తిరుగు బండికి సునీతా, సున్‌జా గారూ స్టేషనుకు వచ్చారు. బండి కూత వేశాక సున్‌జా గారి ఫోను మోగింది. మరిదే. ఆవిడ రెండే రెండు మాటలు చెప్పి పెట్టేశారు. నాకు ఆత్రం ఆగలేదు. "ఏమన్నారే?"

సునీత కిటికీ పక్కన నడుస్తూ అంది. "'ఎలక్షన్‌లో నిలబడేటప్పుడు నన్ను అడిగావా?' అంది పిన్నీ."

"ఇంకా?"

బండి వేగం అందుకుంది. సునీత పరుగెత్తింది. "'కోతలకి రెండ్రోజులు ఛుట్టీ పెట్టుకుని రా, మనుషులు చాలరు' అంది!"

మహాసముంద్ దాకా ఒక్కదాన్నే నవ్వుకుంటూ కూర్చున్నాను. రాయపూర్‌లో ఇంకేం చూశావంటే చెప్పలేను. ఒక వదినగారిని చూశాను, నాకది చాలు.