వడియాలు ఎండిన సోలారు పలక

పక్కింటి వదిన పోయిందని మా కోడలు చెప్పినప్పుడు నేను అరుగు మీద బీడీ ముట్టించుకుంటున్నాను. నమ్మలేదు. ముందురోజు సాయంత్రమే నన్ను నోరారా తిట్టింది. తిట్టే ఓపిక ఉన్న మనిషి అంత తొందరగా పోతుందా?

ఆలూరు బస్సు దిగి ఇంకా నడవాల్సిన ఊరు మాది. కరెంటు స్తంభాలు పక్క ఊరిదాకా వచ్చి ఆగిపోయాయి. అప్పుడెప్పుడో సర్కారువాళ్లు వదిన మిద్దె మీద సోలారు పలక బిగించి, ఆమె ఇంట్లో బ్యాటరీ పెట్టి, ఆమెకొక దీపం, మాకొక దీపం ఇచ్చారు. పగలంతా కూలికి పోయే మనిషి, రాత్రి ఆ వెలుగులో పాత చీరలతో బొంతలు కుట్టేది. పొద్దున్నే మిద్దె ఎక్కి కొంగుతో పలక తుడిచేది.

"మా అన్న మొగం గూడా ఇంత బాగ తుడిసుండవు వదినా!"

"మీయన్న యానాడన్నా ఎలుగిచ్చినాడా?"

తర్వాత బ్యాటరీ చచ్చింది. బాగుచేసి తెస్తామని పట్టుకుపోయినవాళ్లు మళ్లీ కనబడలేదు. బుడ్డిదీపం ముందు సూదిలో దారం ఎక్కక ఆమె అవస్థ పడేది.

"ఏం వదినా, నీ కుట్లు ఒకటి ఆలూరికి, ఒకటి ఆదోనికి పోతాండాయి?"

"దీపం తెచ్చియ్యప్పా, బొంతతో పాటు నీ మీసాలు గూడా కుడతా!"

మూడో తరగతి దాకా చదివినవాణ్ణని ఆఫీసులకు నన్నే వెంటబెట్టుకుని వెళ్లేది. సోలారు ఆఫీసాయన, "మీ ఊరికి కరెంటు లైను వస్తాది పెద్దాయనా, ఇంక బ్యాటరీ ఎందుకు?" అన్నాడు. కరెంటాఫీసాయన, "మీకు సోలారు దీపాలుండాయని రాసుండాది. లేనోళ్లకు ముందు" అన్నాడు.

"మా దీపం మీ కాయితంలో ఎలగతాందా సార్?" అంది వదిన. "అయితే ఆ కాయితమే ఇయ్యి, దాని కింద కూకోని కుట్టుకుంటా."

తిరిగి తిరిగి చెప్పులు అరిగాయి. చివరికి పలక మీద గుమ్మడి వడియాలు పెట్టడం మొదలుపెట్టింది. "ఎండ ఊరికే పోతాంది, ఇయ్యన్నా ఎండనీ" అనేది. ఆ వెంటనే గొణిగేది: "ఇంత ఎండ గాసే ఊర్లో దీపానికి కరువేందప్పా?" నాకు ఎగతాళి మాటలు ఎన్నైనా వస్తాయి. ఆ మాట విన్న పూట మాత్రం మిద్దె ఎక్కి ఆమెతో పాటు వడియాలు తిరగేశాను.

కర్మ రోజు మిద్దె మీద విస్తరిలో కూడు పెట్టాం. కాకి ముట్టలేదు. పోయినవాళ్ల కోరిక తీరకపోతే ముట్టదంటారు కదా, ఒక్కొక్కరే ముందుకొచ్చి మాటిచ్చారు. పాలిచ్చే ఎనుమును అమ్మనన్నాడు ఆమె కొడుకు. పండక్కి తప్పకుండా వస్తానంది కూతురు. సగం మిగిలిన బొంత తాను కుడతానంది ఆమె కోడలు. కాకి కదల్లేదు.

ఆమెకేం కావాలో అందరికీ తెలుసు. దీపం తెస్తామని ఎవరు మాటివ్వగలరు? అందరూ నావైపు చూశారు.

కాకి మాత్రం ఆ పలక అంచు మీదే, ఆమె పెట్టిపోయిన వడియాల పక్కన, ఎండలో అట్లాగే కూర్చుని మమ్మల్ని చూస్తోంది.