పరీక్ష పుంజు

ఒక్క పుంజు మీద నా ఉద్యోగమంతా నిలబడ్డ రోజులవి. ఎనభైలల్ల ఖమ్మంల దవాఖానా వెనక గదిల కూసుని మెదడువాపు జ్వరాన్ని పట్టే పరీక్ష తయారుజేస్తున్న. రోగి నెత్తురు మీద తేలిన నీళ్ళు, వైరస్, కోడి నెత్తురు కణాలు కలపాలె. ఆ జ్వరమే అయితే కణాలు పరీక్ష పళ్ళెం గుంట అడుగున ఎర్ర గుండీ లెక్క కూడుకుంటయి. కాకపోతే చెదిరిపోతయి.

చెప్పడానికేం, సులువే! పుస్తకాలల్ల పెద్దబాతు నెత్తురన్నరు. మాకేడ దొరుకుతది? ఏన్కూరు దిక్కు ఊర్లల్ల కొన్న కోళ్ళన్నీ మొండికేసినయి. ఒక్క డేగ పుంజు నెత్తురు మాత్రం చెప్పినట్టు విన్నది. దాన్ని మా క్వార్టర్ పెరట్ల గంప కింద పెట్టి సాకిన. నేను దాని రెక్క కింద సూది పొడిస్తే అది నా చెయ్యి పొడిచేది.

పరీక్ష చూడనీకి హైదరాబాదు నుంచి పెద్దసారు వస్తుండని కబురొచ్చింది. ఆయన సరే అంటే భద్రాచలం అవతలి అడవి దవాఖానాలకు పంపొచ్చు. ఆడ పిల్లలకు ఫిట్సొస్తే మలేరియా అనుకుంటుండ్రు, అసలు సంగతి తెలిసేలోపు ప్రాణం పోతున్నది. నాకు అన్నం సయించలే.

వంటకు సాయమని ఇల్లందు నుంచి అమ్మ వచ్చింది. బొగ్గుబాయి కార్మికుని ఇల్లాలు, ఇంటికొచ్చినోళ్ళను కూర లేకుండ పంపని మనిషి. సారు ముందురోజే దిగిండు. మా ఇంట్లనే బువ్వ. కోడికూరల బొక్కలు గూడ ఇడవలే. ఈ కోడి ఏడిదని నాకు అనుమానమొచ్చి, పెరట్లకు ఉరికి గంప ఎత్తిన. ఖాళీ!

"అమ్మా! ఎంత పని జేసినవే!"

"గట్ల ఒర్లుతవేంది బిడ్డా? అంత పెద్దసారొస్తే పప్పుచారు పోస్తరా? అయినా నిన్ను పొడిచే ముండాకొడుకును కోస్తే నీకేం బాధ?"

నెత్తి కొట్టుకున్న. పొద్దుగాల తీసిన నెత్తురు ఫ్రిజ్జుల ఉండబట్టి బతికిన. తెల్లారి పరీక్ష బ్రహ్మాండంగ వచ్చింది. సారు మురిసి, "ఏదీ, ఆ పుంజును చూపించమ్మా" అన్నడు.

చాయ్ తెచ్చిన అమ్మే చెప్పింది. "రాత్రి తొడ ముక్క మళ్ళ ఏయించుకున్నరు గద సారూ, అదే."

సారు పొట్ట మీద చెయ్యేసుకుని పకపక నవ్విండు. నవ్వు ఆగినంక, "ఒక్క పుంజు చస్తే చచ్చే పరీక్షను అడవికెట్ల పంపుతనమ్మా?" అన్నడు. ఒప్పుకోకుండనే బస్సెక్కి పోయిండు.

కోపమంతా అమ్మ మీద తీర్చుకున్న. పాపం, కళ్ళొత్తుకుంట ఇల్లందు పోయింది. కానీ సారన్నది నిజమే, అదే నన్ను కాల్చింది. కణాలు కలిపే నీళ్ళ పులుపు మారుస్తూ, మారుస్తూ, ఏ పుంజు నెత్తురైనా మాట వినే దారి పట్టిన. ఈసారి సారు సరే అన్నడు.

వానకాలం అడవి దవాఖానాల ఒక పిల్లకు ఫిట్సొచ్చినయి. మలేరియా కాదని మా పరీక్షల తేలింది. జల్దీ ఖమ్మం తెచ్చిండ్రు. పిల్ల బతికింది. ఆ మాట ముందుగాల అమ్మకే చెప్పాలనిపించి ఇల్లందు బస్సెక్కిన.

అమ్మ అంతా విన్నది. కొంగుతోటి కళ్ళు తుడుచుకున్నది.

"అయితే ఇప్పుడు ఏ పుంజైనా పనికొస్తదా బిడ్డా?"

"అవ్ అమ్మా."

"ఇగ దీన్ని కోస్తే తిట్టవు గద" అనుకుంట తన పెరట్ల పుంజు మీది గంప ఎత్తింది.