పాడె ముందు పాడలేకపోయాం

గల్ఫ్‌లో, సజ్జాలోని మా లేబర్ క్యాంపులో సెలవు రోజైన శుక్రవారం మధ్యాహ్నం భోజనాలయ్యాక మెస్ హాలు మాది. బల్లలు గోడకు జరిపి, చాపలు పరిచి, ఢోలక్ దింపేవాళ్లం. అందరం జగిత్యాల, నిజామాబాద్ వైపు పల్లెల వాళ్లమే. నేను అల్యూమినియం వర్క్‌షాపులో స్టోర్ కీపర్ని, భజనలో తాళాలు నావి. పాట మాత్రం ఎప్పుడూ ఒక్కాయనే ఎత్తుకునేవాడు. బిల్డింగులకు పరంజా కట్టే పని ఆయనది. వయసులో మా అందరికంటే పెద్ద, అందుకే కాకా అని పిలిచేవాళ్లం.

కాకా పాడే తత్వాలు పుస్తకంలోంచి నేర్చినవి కావు. అన్నీ ఊళ్లో ఉన్న తన అన్న దగ్గర విని నేర్చుకున్నవే. ఆ అన్న ఊరి భజన మండలికి పెద్ద. ఎవరింట్లో చావు జరిగినా, పిలిచినా పిలవకపోయినా, చెక్క చిరుతలు వాయిస్తూ పాడె ముందు నడిచేవాడట. మాకు ఏదైనా చరణం గుర్తు రాకపోతే కాకా ఫోన్ చేసేవాడు. అవతల ఆయన పొలం గట్టు మీద నిలబడి పాడి వినిపించేవాడు. పాటతో పాటు మోటారు చప్పుడు కూడా వచ్చేది. మేమెవరం ఆయన్ను చూసినవాళ్లం కాదు. అయినా దరువు తప్పితే ఆయన అక్కడినుంచే కోప్పడతాడేమో అన్నంత భయం ఉండేది.

2020లో కరోనా వచ్చాక మొదట పోయింది మా శుక్రవారమే. క్యాంప్ బాస్ మెస్ హాలుకు తాళం వేశాడు. అన్నం డబ్బాలు గదుల ముందు పెట్టి వెళ్లేవాళ్లు. ఢోలక్ వాయించే అతనికి జ్వరం వస్తే బస్సెక్కించి ఎక్కడికో తీసుకెళ్లారు. ఆ గదికి సీలు వేశారు. ఢోలక్ లోపలే ఉండిపోయింది.

ఒకరోజు పొద్దున కాకా మా గది గుమ్మంలో నిలబడ్డాడు. మాస్కు గడ్డం కిందికి జారి ఉంది. అన్న పోయాడని చెప్పాడు. కరోనా కాదు, పొలంలో ఛాతీ పట్టుకొని కూలబడ్డాడట. దవాఖానకు తీసుకెళ్లడానికి బండి దొరికేసరికే ప్రాణం పోయిందట. విమానాలు లేవని ఆయనకూ తెలుసు. అయినా ఏజెంటుకు ఫోన్ చేశాడు, తర్వాత తన కంపెనీ ముదీర్‌కు, అంటే మేనేజరుకు, చేశాడు. ముదీర్ మంచిగానే మాట్లాడాడట. ఎయిర్‌పోర్టే బంద్ ఉంటే నేనేం చేయను భాయ్ అన్నాడట.

పోలేకపోవడం ఒక బాధ. దాన్ని మించిన బాధ ఇంకొకటి. ఊళ్లో గుంపు కూడొద్దని పోలీసులు చెప్పిపోయారు. జనం తలుపులు వేసుకున్నారు. భజన మండలి వాళ్లు కూడా రామన్నారు.

"ఊరోళ్లందర్ని పాడుకుంట సాగనంపిండు," అన్నాడు కాకా. "ఆయన పాడె ముందట ఒక్క తాళం గూడ మోగదట."

మాకు తోచింది ఒకటే, ఫోన్లో పాడటం. కాకా బావమరిది ఊళ్లో ఫోన్ పట్టుకుంటానన్నాడు. వాట్సాప్‌లో వీడియో ఇక్కడ కలవదు కాబట్టి, ఇక్కడ నడిచే ఇంకో యాప్ అతని చేత వేయించాం. మా గదిలో ఉన్నవాళ్లమే మంచాల మధ్య కూర్చున్నాం. ఢోలక్‌కు బదులు ఖాళీ నీళ్ల డబ్బా పెట్టుకున్నాం.

కాల్ కలిసింది. వాకిలి, పాడె మీద తెల్లబట్ట, దానిమీద గులాల్ కనిపించాయి. కాకా పాట ఎత్తుకున్నాడు. మేం అందుకున్నాం. బొమ్మ ఆగిపోతోంది, మళ్లీ కదులుతోంది. ఇంతలో అక్కడ మోసేవాళ్లు తక్కువయ్యారు. బావమరిదే భుజం పట్టాల్సి వచ్చింది. రెండు చేతులూ కావాలి గనుక ఫోన్ చొక్కా జేబులో వేసుకున్నాడు. తెర నల్లబడింది. గుడ్డ రాపిడి, అడుగుల చప్పుడు, ఎవరో దగ్గడం వినిపించాయి.

"ఇనవడ్తందా బామ్మర్దీ?" అని కాకా చరణానికీ చరణానికీ మధ్య అడిగాడు. జేబులోంచి అదే రాపిడి. మళ్లీ పాడాడు. నేను తాళం మీంచి కన్నెత్తలేదు. ఆయన ముఖం చూస్తే నా చెయ్యి ఆగిపోతుందని భయం. కాసేపటికి కాల్ కట్టయింది. ఎన్నిసార్లు చేసినా కలవలేదు. కాకా పాట మధ్యలో ఆపేసి, ఫోన్ బోర్లా పెట్టి, గోడవైపు తిరిగి కూర్చున్నాడు.

మర్నాడు బావమరిది దాచకుండా చెప్పాడు. జేబులో ఏదో గరగర తప్ప పాట ఎవరికీ వినబడలేదట.

"నా నోట్లకెళ్లొచ్చే పాటలన్ని ఆయినయే," అన్నాడు కాకా నాతో. "ఆయినకే ఇయ్యలేకపోతి."

కొన్ని నెలలకు మెస్ హాలు తెరిచారు. ఢోలక్ అతను కోలుకొని వచ్చాడు. కాకా కూడా వచ్చి చాప మీద కూర్చునేవాడు, చప్పట్లు కొట్టేవాడు, నోరు మాత్రం విప్పేవాడు కాదు. బతిమాలాం, కోప్పడ్డాం, ఆయన పాటలే తప్పుగా పాడి రెచ్చగొట్టాలని చూశాం. వింటూ తల వంచుకునేవాడు. ఆ తర్వాత ఇక్కడి సర్కారు వారాంతం మార్చడంతో కొన్ని కంపెనీలు సెలవును ఆదివారానికి మార్చాయి, కొన్ని శుక్రవారమే ఉంచాయి. ఒకడు వచ్చిన రోజు ఇంకొకడికి డ్యూటీ. కాకాను అబుదాబి సైటుకు పంపారు. మా క్యాంపు భజనను ఎవరం ఆపలేదు, అదే ఆగిపోయింది.

పోయిన ఎండాకాలం ఒక తత్వంలో మూడో చరణం నాకెంతకూ గుర్తు రాక కాకాకు ఫోన్ చేశాను. చాలాసేపు ఆలోచించాడు. "యాదికి వస్తలేదు బిడ్డా," అన్నాడు. ఇంకెవరిని అడగాలో నాకు తోచలేదు. అక్కడ ఎండ ఎట్లుందని అడిగాను. బాగా ఉందన్నాడు.