తూము ఉన్న ట్రైలర్

మా గుర్రపు ట్రైలర్‌లో నేల చివికిపోయిందన్న సంగతి ముందుగా తెలిసింది మా అత్తగారి కాలికి.

అవి ఎనభైల మొదటి రోజులు. వర్జీనియాలో షాంటిలీ అవతల కాస్త నేల ఉన్న ఇంట్లో ఉండేవాళ్లం. అప్పటికి అటువైపు ఇప్పటిలా ఆఫీసులూ ఇండియన్ కొట్లూ లేవు. ఎటు చూసినా కంచెలు, కంచెల లోపల గుర్రాలు. మా అమ్మాయికి గుర్రాల పిచ్చి పట్టడానికి అంతకన్నా ఏం కావాలి? దానికో గుర్రం కొన్నాం. గుర్రాన్ని పోటీలకు తీసుకెళ్లాలని ఓ పాత ట్రైలర్ కూడా కొన్నాం. వెనక భాగం గుర్రాలది. ముందు భాగం మనుషులు ఉండే చిన్న గది. అందులో మంచం, సింకు, వంటకు చిన్న స్టవ్వు.

అత్తగారు కాకినాడ నుంచి వచ్చి మా దగ్గరే ఉండేవారు. వారమంతా మేం ఉద్యోగాలకీ, పిల్ల స్కూలుకీ పోతే ఆవిడ ఇంట్లో ఒక్కరే గోడలు చూస్తూ కూర్చునేవారు. శనివారం పోటీ ఉందంటే మాత్రం అందరికన్నా ముందు తయారయ్యేది ఆవిడే. మైదానంలో ట్రైలర్ తలుపు తీసుకుని కూర్చుంటే చుట్టుపక్కల అమెరికన్ ఆడవాళ్లు వచ్చి పలకరించేవారు. ఆవిడ తెలుగులో, వాళ్లు ఇంగ్లీషులో హాయిగా కబుర్లాడుకునేవారు. వాళ్లకు ఉప్మా పెట్టకుండా పంపేవారు కాదు. ఆదివారం పొద్దున చర్చికి వెళ్లే వీలుండదు కాబట్టి, ఆ గదిలోనే అందరం మోకాళ్లూని ప్రార్థన చేసుకునేవాళ్లం.

అలాంటి ఒక శనివారం ఆవిడ స్టవ్వు దగ్గర చారు కాస్తుంటే నేల మీద పరిచిన లినోలియం షీటు చిరిగి, కాలు చీలమండ దాకా కిందికి దిగబడింది. దెబ్బేమీ తగల్లేదు గానీ బాగా బెదిరిపోయారు. ఇంటికొచ్చాక, “నన్నింక తీసుకెళ్లకండమ్మా. నా బరువుకి అది ఆగదు,” అన్నారు. ఆవిడ పట్టుమని బియ్యం బస్తా బరువు కూడా ఉండరు.

మా ఆయన ఇంజనీరు కాబట్టి కారణం ఆయనకు ముందే తెలుసు. పైకప్పు కారుతోందన్నారు. అప్పటికే ఎన్నోసార్లు పైకెక్కి తారు పూశారు. ఇక లాభం లేదు, అమ్మేద్దాం అన్నారు. నేల సంగతి నేను చూస్తానన్నాను. ఆయన నవ్వారు. మా పుట్టింటివాళ్లది కలప అడితి అని తెలిసే నన్ను చేసుకున్నారు, పాపం మర్చిపోయారు. చెక్క మీద వేలితో తట్టి లోపలి సంగతి చెప్పడం నేను లంగాలు కట్టుకునే రోజుల్లోనే నేర్చుకున్నాను.

నిజానికి నా దిగులు నేల గురించి కాదు. ట్రైలర్ పోతే అత్తగారికి మళ్లీ ఆ గోడలే మిగులుతాయి. అది నాకు ఇష్టం లేదు.

లినోలియం ఒలిచాను. కింద ప్లైవుడ్‌ని స్క్రూడ్రైవర్‌తో పొడుచుకుంటూ పోయాను. పైకప్పు కారితే గోడల వారగా, కిటికీ కింద చివకాలి. అక్కడ చెక్క గట్టిగా టక్కుమంది. కుళ్లిందంతా స్టవ్వు ముందు నుంచి తలుపు మూల దాకా, లినోలియం అతుకు వెంట. ట్రైలర్ నిలబెట్టినప్పుడు అటే వాలుతుంది. ఆ చెక్కను పెళ్లగిస్తే నానిన అట్టలా ఊడొచ్చింది. దాంతోపాటు గుప్పున ఫినాయిల్ వాసన.

అప్పుడు అర్థమైంది. మేమంతా పోటీ చూడ్డానికి వెళ్లగానే ఆవిడ గుర్రం బకెట్‌తో నీళ్లు పట్టుకొచ్చి, గదంతా కుమ్మరించి, చీపురుతో తోసి కడిగేవారు. మేం వచ్చేసరికి పైన ఆరిపోయేది. నేల ఎంత శుభ్రంగా ఉందో అని నేను మురిసిపోయేదాన్ని కూడా. నీళ్లు మాత్రం అతుకులో నుంచి కిందికి దిగేవి.

ఒళ్లు మండింది. కాసేపు ఆ చెక్క ముక్కలు పట్టుకుని అలాగే కూర్చున్నాను. కానీ గోడకవతల గుర్రపు లద్దె, ఇవతల మనం మోకాళ్లూని దేవుణ్ణి పిలిచే చోటు. కడక్కుండా ఆవిడ ఎలా ఊరుకుంటారు? కడగొద్దని చెబితే మానేస్తారు, సందేహం లేదు. కానీ పాడు చేసింది తనేనని నొచ్చుకుని మాతో రావడం కూడా మానేస్తారు. ఆవిడ అభిమానం నాకు తెలుసు.

వెనక గుర్రాల వైపు చూశాను. వాటి కింద పలకల మధ్య సందులున్నాయి, నీళ్లు పోస్తే కిందికి పోతాయి. గుర్రాలకున్న సౌకర్యం మాకెందుకు లేదనిపించింది.

కుళ్లిన చెక్కంతా కోసేశాను. కింది ఇనుప పట్టీల తుప్పు గీకి రంగు వేశాను. పడవలకు వాడే ప్లైవుడ్ తెచ్చి, దాని కింద ఒక పక్క మందంగా, ఒక పక్క సన్నగా చెక్కిన బద్దలు పెట్టి, నేలకు తలుపు మూల వైపు వాలు ఇచ్చాను. వినైల్ షీటు ఒకే ముక్కగా పరిచి, అంచులు బెత్తెడు మేర గోడల మీదికి తిప్పి అతికించాను. ఆ మూలన కన్నం చేసి, పైపు ముక్క బిగించి, బిరడా పెట్టాను. బాగుచేసిన నేలకు ఎవరైనా కావాలని కన్నం పెడతారా అని పైపు అమ్మినాయన అడిగాడు. మా ఊళ్లో అది లేని ఇల్లే కట్టరని చెప్పాను.

అయ్యాక అత్తగారిని పిలిచాను. గుమ్మం దగ్గరే ఆగి, కాలితో నేలను నొక్కి చూసి లోపలికొచ్చారు. మూల వైపు చూసి, “ఇదేంటి?” అన్నారు.

“తూము అత్తయ్యా. మీరు కడుక్కోవడానికి.”

ఆవిడ బిరడాను కాలి బొటనవేలితో తడిమి చూశారు. తర్వాత మెల్లగా, “అయితే పాడు చేసింది నేనేనా?” అన్నారు.

అబద్ధం చెప్పాలనిపించలేదు. “అవునత్తయ్యా,” అన్నాను.

“వాడికి చెప్పావా?”

“పైకప్పు కారిందని ఆయనే అన్నారు కదా. ఆయన మాట నేనెందుకు కాదంటాను?”

ఆవిడకు నవ్వొచ్చింది, కళ్లూ తడిశాయి. పమిటతో తుడుచుకున్నారు.

తర్వాతి పోటీకి ఆవిడే ముందు తయారయ్యారు. మైదానం చేరాక, మేం అక్కడుండగానే, మొదటిసారి దాపరికం లేకుండా బకెట్ నీళ్లు నేల మీద కుమ్మరించారు. మా ఆయన కంగారుపడి, “అమ్మా, వాటర్ పోస్తావేంటి, మళ్లీ ఫ్లోర్ డ్యామేజ్ అవుతుంది,” అన్నారు.

“నీకు తెలీదు, నువ్వూరుకో. నా కోడలు తూము పెట్టింది,” అని ఆవిడ బిరడా లాగారు. నీళ్లు గడ్డిలోకి పడుతుంటే, మెట్టు మీద కూర్చుని వంగి, చివరి చుక్క దాకా చూశారు.