నాలుగో రొట్టె

మృగశిర కార్తె మొదలైన మర్నాడు, ఆదివారం, పొద్దున తొమ్మిదింబావు. జహీరాబాద్ అవతల న్యాల్‌కల్‌లో, ఊరందరికీ విత్తనాలు దాచిపెట్టే చంద్రమ్మ ఇంటి ముందు కూర్చున్నాం.

"ఇత్తులు అమ్మం," అంది.

నేను, నా భార్య రాజ్యం దర్శి నుంచి వచ్చాం. మా రెండెకరాల్లో బోరు ఎండిపోయింది. ఇకమీదట వానకు పండేదే వేసుకుని, అదే తిని బతుకుదామనుకున్నాం. ఆ వారం విత్తకపోతే ఏడాది పోయినట్టే.

"తినేటోళ్లకైతే ఊకెనే ఇస్తం. రొట్టె చేస్తవా, పెద్దమనిషీ?" అని జొన్నపిండి, వేడినీళ్లు నా ముందు పెట్టింది. రాజ్యం లేవబోయింది.

"నువ్వు కూసో అక్కా. ఇత్తులు అడిగింది ఆయన గద."

అరవయ్యేళ్లకు అక్షరాలు దిద్దినవాణ్ణి, నాకు సిగ్గేమిటి? తట్టాను. మూడు రొట్టెలు విరిగాయి. నాలుగోది నిలిచింది. అందులో ముక్క తుంచి చంద్రమ్మ తన మేకకు వేసింది. అది వాసన చూసి వెళ్లిపోయింది.

"నేర్చుకుంటడు తియ్, ఫికర్ లేదు," అంది పక్కింటి షాహీన్.

చంద్రమ్మ పురుగు పట్టకుండా బూడిద కలిపి దాచిన పచ్చజొన్న విత్తనాలు రాజ్యం కొంగులో పోసింది. "పంటొచ్చేదాక నాలుగు నెలలున్నయి. గప్పటిదాక ఆయనకు నేర్పియ్యి."

ఆ రోజు అక్కడున్నది నేను, రాజ్యం, చంద్రమ్మ, షాహీన్, నా రొట్టె తినని మేక.